పర్వాలేదు: ఎవరికి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడు, ఇరవై నిమిషాలు దాటొద్దు" అన్నారు. ముప్పై ఏళ్లుగా కాంక్రీటుతో కాపురం చేస్తున్నవాణ్ణి. భోజనాల ముందు కాంక్రీటు వడ్డిస్తే మీరు ఊరుకోరు. అందుకని ఒక మాట గురించి మాట్లాడదామని వచ్చాను. రోజుకు పదిసార్లయినా మనం అనే మాట. మన నోటుపుస్తకాల్లో ఎర్ర సిరాతో కనిపించిన మాట. అదే ‘పర్వాలేదు’. మధ్యలో కాంక్రీటు కూడా కొంచెం వస్తుంది. మన్నించాలి.

ముందు ఈ మాట మన నోట్లో ఎన్ని పనులు చేస్తోందో చూడండి. బస్సులో ఒకాయన మన కాలు తొక్కి, "అయ్యో, చూళ్లేదండీ" అంటాడు. "పర్వాలేదండీ" అంటాం. అక్కడ దానర్థం క్షమించాననీ, బాధపడొద్దనీ. "మోకాళ్ల నొప్పి ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగితే "పర్వాలేదు నాయనా" అంటారు. తగ్గలేదు, కానీ నీకెందుకు ఆ దిగులు అని అర్థం. సినిమా ఎలా ఉందంటే "పర్వాలేదు" అంటాం. టిక్కెట్టు డబ్బులు పూర్తిగా వృథా కాలేదని. కూర ఎలా ఉందని ఇల్లాలు అడిగినప్పుడు ఆ జవాబే చెప్పి చూడండి, రాత్రికి మజ్జిగన్నమే. మళ్లీ ఇదే మాటను కాస్త దీర్ఘం తీసి, "వీడు పర్వాలేదే!" అంటే అది పెద్ద మెచ్చుకోలు.

ఇన్ని పనులు చేస్తున్నా, దేన్నయినా తూచి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ మాట నడిమి మెట్టు మీదే నిలబడుతుంది. బాగుంది అనడానికి మనసు రాదు, బాగాలేదు అనడానికి నోరు రాదు. ఆ రెంటి మధ్య ఖాళీలో ‘పర్వాలేదు’ కూర్చుంటుంది.

ఈ మాట సగం పారసీ, సగం తెలుగు. ‘పర్వా’ పారసీ పదం. లక్ష్యం, పట్టింపు, చింత అని దానర్థం. ఉర్దూలో, హిందీలో ఈ రోజుకీ ‘పర్వా నహీ’ అంటారు. ఆ ‘నహీ’ స్థానంలో మనవాళ్లు అచ్చ తెలుగు ‘లేదు’ పెట్టుకున్నారు. చింత లేదు, పట్టించుకోనక్కర్లేదు అన్నమాట. దీన్ని కొందరు ‘పరవాలేదు’ అని, కొందరు ‘ఫర్వాలేదు’ అని రాస్తారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట కదా, ఒత్తి పలికితే గౌరవంగా ఉంటుందనుకుంటారేమో గాని, పారసీలో అక్కడ ఉన్నది మామూలు ‘ప’కారమే.

పారసీ మాట మన పెరట్లోకి రావడంలో వింతేమీ లేదు. బహమనీల కాలంలో, ఆ తరవాత 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కాలంలో, దక్కనులో దర్బారు వ్యవహారాల్లో పారసీకి పెద్దపీట ఉండేది. లెక్కలు, పన్నులు, తగాదాలు, ఫర్మానాలు ఆ భాషలో నడిచేవి. కచేరీ మెట్లెక్కిన ప్రతి రైతూ నాలుగు మాటలు మూటగట్టుకొని ఇంటికొచ్చేవాడు. కుంపిణీ ఏలుబడిలో కూడా ఆ మాటలు కోర్టుల్లో అలాగే ఉండిపోయాయి. తెలుగు వ్యవహారంలో కలిసిపోయిన ఇలాంటి అన్యభాషా పదాల కోసం సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడంటే అవి ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి. మన బడిలోనే చూడండి. ‘హాజరు’ పట్టీ, ‘జవాబు’ పత్రం, ‘ఖాళీ’లను పూరింపుము. తెలుగు పరీక్ష రాసేటప్పుడు కూడా మనం సగం కచేరీ భాషలోనే ఉన్నామన్నమాట.

నాకు ముచ్చటగా అనిపించిన విషయం ఇంకొకటి ఉంది. ‘సుమారు’ అంటాం. "సుమారుగా ఉంది" అంటే అంతంతమాత్రంగా ఉందని అర్థం. ఈ మాటకు మూలం పారసీలోని ‘షుమార్’. షుమార్ అంటే లెక్క, లెక్కపెట్టడం. మధ్యరకం, నాసిరకం అంటాం చూశారూ, అందులో ‘రకం’కు మూలమైన ‘రకమ్’కు అరబ్బీలో అంకె అని అర్థం. రెండూ లెక్కల్లోంచి పుట్టిన మాటలే. మన దగ్గరికొచ్చి, లెక్కపెట్టే ఓపిక లేనప్పుడు వాడే మాటలయ్యాయి. ఇంజనీరుగా నాకు ఇది కొంచెం గుచ్చుకుంటుంది.

ఇంగ్లీషులో ఇదే అర్థానికి ‘మీడియోకర్’ అనే మాట ఉంది. మన పిల్లలు ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడుతున్నారు. దాని మూలం లాటిన్. ‘మీడియస్’ అంటే నడుమ, ‘ఓక్రిస్’ అంటే రాళ్లూ రప్పలూ ఉన్న కొండ. రెండూ కలిస్తే కొండకు సగం ఎత్తులో ఉన్నది అని అర్థం. మొదట్లో ఇది తిట్టు కాదు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ కవి హొరేస్ అటు అతి, ఇటు లేమి లేని నడిమి బతుకును ఈ మాటతోనే బంగారమని పొగిడాడు. మన దేశంలో బుద్ధుడు చెప్పిన మధ్యమ మార్గమూ తక్కువ మార్గమేమీ కాదు. తరవాత్తరవాత ఎప్పుడో సగం కొండ అనే మాట చిన్నచూపు మాటయింది.

ఎందుకయిందో చెప్పడానికి లాటిన్ దాకా వెళ్లక్కర్లేదు. తెలుగు మాస్టారు మన చేత వల్లె వేయించిన సుభాషితం ఒకటుంది. భర్తృహరి సంస్కృతంలో చెప్పింది, ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసింది. పద్యం మీ అందరికీ నోటికి వచ్చు, నేను చదవను. తాత్పర్యం మాత్రం గుర్తు చేసుకుందాం. అధములు ఆటంకాలొస్తాయన్న భయంతో అసలు పనే మొదలుపెట్టరు. మధ్యములు మొదలుపెట్టి, ఆటంకం రాగానే వదిలేస్తారు. ఉత్తములు ఎన్ని ఆటంకాలొచ్చినా వదలరు. ఇందులో మధ్యముడికి తెలివి తక్కువని గాని, బలం తక్కువని గాని కవి అనలేదు. దారిలో ఆగిపోయాడన్నాడు, అంతే. లాటిన్ వాడి సగం కొండా, మన కవి చెప్పిన సగం పనీ ఒకటే. అలిపిరి నుంచి నడిచి తిరుమల వెళ్లినవాళ్లకు గాలిగోపురం దగ్గర కూలబడటం అనుభవమే. అక్కడ కూర్చున్నవాణ్ణి ఎవరూ తక్కువ చెయ్యరు, కాసేపటికి లేచి నడుస్తాడు కనక. నడుమ ఉండటంలో తప్పు లేదు. ఇక్కడితో చాల్లే అనుకోవడంలో ఉంది.

ఇప్పుడు మన మాట దగ్గరికి వద్దాం. దాని పుట్టుక తెలిశాక నాకొకటి తట్టింది. ‘బాగుంది’ అన్నప్పుడు మనం వస్తువు గురించి చెబుతున్నాం. ‘గట్టిగా ఉంది’, ‘ఉప్పు తగ్గింది’ అన్నా అంతే. ‘పర్వాలేదు’ అన్నప్పుడు వస్తువు గురించి ఏమీ చెప్పడం లేదు. నాకు చింత లేదు అని నా గురించి చెబుతున్నాం. ఇదే ‘పర్వా’కు ముందు ‘బే’ చేరిస్తే పారసీలో ‘బేపర్వా’ అవుతుంది. పట్టింపు లేనివాడు, అజాగ్రత్త మనిషి అని దానర్థం. బేపర్వా, పర్వాలేదు అక్షరాలా ఒకటే అర్థం. ఒకటి నింద, ఒకటి ఊరట. ఏ చోట ఏది అవుతుందనేది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. చింత ఎవరిది, లేదంటున్నది ఎవరు? నా కాలు తొక్కినప్పుడు పర్వాలేదనే హక్కు నాకుంది, ఎందుకంటే నొప్పి నాది. పక్కవాడి కాలు తొక్కి నేనే పర్వాలేదంటే?

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లిన రైతుబిడ్డలు ఈ సభలో చాలామంది ఉన్నారు. అక్కడ ప్రభుత్వం అడిగేది అత్యుత్తమ ధాన్యాన్ని కాదు. ఎఫ్.ఏ.క్యూ. అంటారు, మన భాషలో చెప్పాలంటే ఓ మోస్తరు మంచి సగటు నాణ్యత. అయితే ఆ ఓ మోస్తరుకు అంకెలు కట్టారు. తేమ 17 శాతం మించకూడదు. రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి అన్నీ కలిపి 5 శాతం మించకూడదు. ఈ అంకెలు రైతును ఇబ్బంది పెట్టడానికే ఉన్నాయనిపిస్తుంది. వడ్లు ఆరబోసుకొని మబ్బుల వంక చూస్తూ కూర్చున్నవాడికి అనిపించక ఏం చేస్తుంది? కానీ ఆ అంకె తీసేసి చూడండి. అప్పుడు వడ్లు గుప్పిట్లోకి తీసుకొని ‘పర్వాలేదు’ అనాలో ‘పనికిరాదు’ అనాలో ఎదుటివాడి ఇష్టం. అంకె ఉన్నచోట రైతు ఎదురు నిలబడి "మళ్లీ మిషన్ పెట్టి చూడండి" అనగలడు. ఒకరి మూడ్ మీద ఆధారపడే మాటను కొలతగా మారిస్తే, అది బలం లేనివాడికి బలం.

మా కాంక్రీటులోనూ ఇంతే. మన ఇళ్లకు వాడేది ఎక్కువగా ‘ఎం20’ కాంక్రీటు. 2000 నాటి ఐ.ఎస్. 456 కోడ్ ప్రకారం ఇనుము వేసి పోసే కాంక్రీటు ఇంతకంటే తక్కువ ఉండకూడదు. 150 మిల్లీమీటర్ల క్యూబు పోసి, నీళ్లలో ఉంచి, 28వ రోజున యంత్రంలో పెట్టి నొక్కితే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. అంటే ఆ చిన్న క్యూబు మీద సుమారు 46 టన్నుల బరువు. ఇది లెక్కపెట్టి చెప్పిన సుమారే లెండి. ఆకాశహర్మ్యాలకు వాడే రకాల ముందు ఎం20 చాలా మామూలు కాంక్రీటు. మన కోడ్ భాషలో ‘పర్వాలేదు’ అన్నమాట.

అసలు విషయం ఇక్కడ ఉంది. 20 రావాలని 20కే గురిపెట్టి కలిపితే ఏమవుతుంది? ఇసుక తడి ఒకరోజు ఒకలా ఉంటుంది, కంకర ఒక లారీకి ఒకలా ఉంటుంది, మనుషులు పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటారు. కొన్ని క్యూబులు 20 దాటతాయి, దాదాపు సగం దాటవు. అందుకని 100 పరీక్షల్లో 5 కంటే ఎక్కువ 20కి దిగువ పడకూడదన్న లెక్కన కోడ్ నడుస్తుంది. పనిలో వచ్చే తేడాకు ఎం20కి 4 అనే అంకె తీసుకొని, దాన్ని 1.65తో హెచ్చవేసి, 20కి కలుపుతాం. 26.6 వస్తుంది. 20 కావాలంటే 26.6కు గురిపెట్టి కలపాలి. సైటులో కొలతలు, నిఘా సరిగా లేకపోతే ఆ 4ను 5 చెయ్యమంటుంది కోడ్. అప్పుడు గురి 28.25 అవుతుంది. అజాగ్రత్తకు కూడా ధర కట్టారన్నమాట. మామూలు నాణ్యత ఖాయంగా రావాలంటే మామూలు కంటే ఎత్తుకు గురిపెట్టాలి. మన లెక్కల మాస్టారు ఇదే విషయం ఏ కోడూ చదవకుండా చెప్పారు. "35 కోసం చదివినవాడు 35 దాకా రాడురా" అనేవారు.

స్లాబు పోసే రోజు సైటులో ఈ మాట ఎలా తిరుగుతుందో చెబుతాను. కాంక్రీటు గట్టిగా ఉంది, పారతో లాగడానికి చేతులు నొప్పెడుతున్నాయి. ఒకతను అర బకెట్టు నీళ్లు ఎక్కువ పోస్తాడు. "పర్వాలేదు సార్, జారుగా ఉంటే పని తొందరగా అవుద్ది" అంటాడు. ఆ నీళ్లు తరవాత ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుస్తాయి, బలం తగ్గుతుంది. ఇనుము కింద పెట్టాల్సిన కవరు బిళ్లలు నాలుగుచోట్ల నలిగిపోయాయి. పర్వాలేదు. కనీసం 7 రోజులు తడిపి ఉంచాలి, అయిదో రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. పర్వాలేదు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరికి వాళ్లు అన్నది ఒక్కొక్క పర్వాలేదే. అన్నీ చేరేది ఒకే స్లాబులోకి. దాని కింద చాప పరుచుకొని పడుకోబోయే కుటుంబాన్ని మాత్రం పర్వా ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.

అందుకే నా దగ్గర కొత్తగా చేరే కుర్ర ఇంజనీర్లకు ఒక్క నియమం పెట్టాను. సైటు రిజిస్టరులో పర్వాలేదు, బాగుంది, ఓకే అనే మాటలు రాయకూడదు. కొలిచింది రాయాలి. స్లంపు ఎన్ని మిల్లీమీటర్లు, కవరు ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి ముగించారు. మొదట్లో విసుక్కుంటారు. నెల తిరిగేసరికి ఆ మాట రాయడానికి వాళ్లకే చెయ్యి రాదు.

ఇంతసేపూ ఈ మాటను నిందించినట్టు మీకనిపిస్తే, దాని రెండో ముఖం కూడా చెప్పాలి. అది ఈ బడిలోనే చూశాను. తప్పు చేసి, తలొంచుకుని, చెమటలు పట్టిన చేతులతో పలక పట్టుకొని నిలబడ్డ పిల్లవాడికి ముందు కావాల్సింది కొలత కాదు. వాడికి ఉన్నది చింత, నిండా చింత. అప్పుడు ఒక టీచరు భుజం మీద చెయ్యి వేసి, "పర్వాలేదురా, మళ్లీ చెయ్యి" అంటే, ఆ మాట దాని అసలు అర్థంలో పనిచేస్తుంది. చింత తీసేస్తుంది. చింత తీరిన పిల్లవాడే రెండోసారి లెక్క సరిగ్గా చేస్తాడు. గమనించండి, ఆ టీచరు పర్వాలేదన్నది పిల్లవాడితో, వాడు చేసిన లెక్కతో కాదు. లెక్క మీద ఎర్ర సిరాతో తప్పు అని స్పష్టంగానే గీస్తారు.

ఇదే మాట ఇంకోలా కూడా వినబడుతుంది. "వాడా? పర్వాలేదు లెండి, ఏదో గట్టెక్కుతాడు." ఇక్కడ తీరింది పెద్దవాళ్ల చింత. పిల్లవాడి సంగతి అలాగే ఉంది. మొదటి బెంచీ పిల్లల మీద అందరికీ ఆశ ఉంటుంది. తప్పేవాళ్ల మీద అందరికీ దిగులుంటుంది, ప్రత్యేక తరగతులు పెడతారు. 40, 45 మార్కుల మధ్య ఉన్న నడిమి బెంచీ పిల్లల మీద ఆశా ఉండదు, దిగులూ ఉండదు. వాళ్లే పర్వాలేదు పిల్లలు. ఈ సభను ఒక్కసారి తిరిగి చూడండి. ఫోటోలు గోడకెక్కిన ర్యాంకర్లం ఎంతమందిమి? మిగిలిన వందలమందిమి ఆ నడిమి బెంచీల వాళ్లమే. దుకాణాలు నడుపుతున్నాం, బస్సులు నడుపుతున్నాం, పొలాలు చేస్తున్నాం, పిల్లలకు పాఠాలు చెబుతున్నాం, స్లాబులు పోస్తున్నాం. మనల్ని గాలిగోపురం దగ్గర్నుంచి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని లేపారు. లేపినవాళ్లలో కొందరు ఈ వేదిక మీద ఉన్నారు.

అందుకని సంఘానికి రెండు విన్నపాలు చేసి ముగిస్తాను.

మొదటిది మా వృత్తికి సంబంధించినది. స్వర్ణోత్సవ నిధితో బడికి ఏ పని చేసినా, గది కట్టినా, మరుగుదొడ్డి కట్టినా, నీళ్ల ట్యాంకు పెట్టినా, ‘ఊరి బడికి ఈ మాత్రం పర్వాలేదు’ అని ఎవరూ అనకూడదు. క్యూబులు పోయిద్దాం, పరీక్ష చేయిద్దాం, ఆ అంకెలు ప్రధానోపాధ్యాయుల గదిలో గోడకు తగిలిద్దాం. ఆ పరీక్షల పని నేను చూసుకుంటాను. అక్కడ కూర్చోబోయేది పర్వా ఉందో లేదో చెప్పలేని పిల్లలు.

రెండోది బహుమతుల గురించి. మనం ఏటా మొదటి ముగ్గురికీ బహుమతులిస్తున్నాం. ఇవ్వాలి, ఆపమనడం లేదు. దాంతోపాటు అర్ధ సంవత్సర పరీక్షకూ వార్షిక పరీక్షకూ మధ్య ఎక్కువ మెట్లు ఎక్కిన పిల్లలకు కూడా ఒక బహుమతి పెడదాం. 38 నుంచి 52కు వచ్చినవాడికి, 45 నుంచి 60కి వచ్చిన అమ్మాయికి. ఎంత ఎత్తులో ఉన్నారన్నది కాక, ఎంత ఎక్కారన్నది కొలుద్దాం. సాయంత్రం పూట ఒక గంట వాళ్లతో కూర్చుని లెక్కలూ సైన్సూ చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే ఉంటున్న పూర్వ విద్యార్థుల్లో ఉన్నారు. పేర్లు ఈ రోజే రాసుకుందాం. నెలకు రెండు శనివారాలు నా పేరు రాసుకోండి.

ఇరవై నిమిషాలు దాటిపోయినట్టున్నాయి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ‘పర్వాలేదు, కానివ్వు’ అని ఆయన అనరని నాకు తెలుసు. అలా అనకపోబట్టే ఈ సంఘం 50 ఏళ్లు నిలబడింది.